రంగు చూసి బయానా ఇచ్చిన ఎంజీబీ: తొలిసారి పాత స్పోర్ట్స్ కారు కొన్న ఒకరి కేసు

నేపథ్యం

ఇంగ్లండు మధ్య ప్రాంతంలో పాత బ్రిటిష్ కార్లను కొనదలచినవారి తరఫున ముందుగా బండిని పరీక్షించి నివేదిక ఇవ్వడం నా వృత్తి. పందొమ్మిదేళ్లుగా ఈ పనిలో ఉన్నాను. చూసిన బండ్లలో ఎక్కువ భాగం గురించి రాయవలసినంత విశేషం ఉండదు. ఈ కేసును రాయడానికి కారణం, కొనుగోలుదారు వేసిన తప్పటడుగుకు మూలం ఆయన తొందరలో కంటే నేను ఫోనులో ఇచ్చిన అరకొర సలహాలోనే ఎక్కువగా ఉండడం. ఆయన అనుమతితోనే రాస్తున్నాను. పేరు, ఊరు, బండి నంబర్లు వదిలేశాను.

ఆయన ఆసుపత్రిలో పనిచేసే వైద్యులు, యాభైకి దగ్గర పడినవారు, కోస్తా నుంచి వచ్చి రెండు దశాబ్దాలకు పైగా ఇక్కడే స్థిరపడినవారు. ఈ దేశానికి వచ్చిన తొలి వేసవిలో ఒక సీనియరు వైద్యుడు తన ఎంజీబీ స్పోర్ట్స్ కారులో టాప్ తీసి పల్లె దారుల్లో తిప్పారట. ఆ గంట ఆయన మనసులోంచి పోలేదు. పిల్లలు కాలేజీలకు వెళ్లాక, పన్నెండు వేల పౌండ్లు పక్కన పెట్టుకుని, ఇక కొనాలని నిశ్చయించుకున్నారు. అప్పటివరకు ఆయన నడిపినవన్నీ వారంటీ ఉన్న కొత్త బండ్లే; బానెట్ ఎత్తి లోపలికి చూసిన అలవాటు కూడా లేదు.

మోడల్ ఎంపిక విషయంలో నేను మారు మాట చెప్పలేదు. తొలిసారి పాత స్పోర్ట్స్ కారు కొనేవారికి ఎంజీబీ కంటే భద్రమైన ఎంపిక ఇక్కడ దొరకడం కష్టం. 1962 నుంచి 1980 వరకు అబింగ్డన్ ఫ్యాక్టరీలో అయిదు లక్షలకు పైగా తయారైన బండి ఇది. 1798 సీసీ ఇంజను సాధారణమైన పనిముట్లకు లొంగుతుంది. దాదాపు ప్రతి విడిభాగమూ నేటికీ కొత్తది దొరుకుతుంది. 1988 నుంచి పాత అచ్చులతోనే పూర్తి బాడీ కూడా మళ్లీ తయారవుతోంది. కాబట్టి ఏ మోడల్ అన్నది ప్రశ్న కాదు, ఏ బండి అన్నదే ప్రశ్న.

సమస్య మొదలైన తీరు

ఒక గురువారం రాత్రి ఆయన నుంచి ఫోను వచ్చింది. 1971 నాటి ఎర్రని రోడ్‌స్టర్ (గట్టి పైకప్పు లేని, టాప్ తీసే రూపం), క్రోమ్ బంపర్లు, తీగల చక్రాలు, ఇంజను కొత్తగా కట్టించినది, ధర 11,500 పౌండ్లు; ఆదివారం లోపు తేల్చకపోతే వేరేవారికి పోతుంది. నలభై ఫొటోలు పంపారు. ముందు నుంచి, పక్క నుంచి, సాయంత్రపు వెలుతురులో తీసిన చక్కని ఫొటోలే అన్నీ. అడుగు భాగాన్ని చూపించినది ఒక్కటీ లేదు.

ఆ వారాంతం నాకు ఖాళీ లేదు. బండి ఉన్న చోటు నాకు మూడు గంటల దూరం, ఆయనకు నలభై నిమిషాలు. అందుచేత ఆయననే వెళ్లి చూసిరమ్మని, ఫోనులో ఒక పావుగంట పాటు ఏమేమి చూడాలో చెప్పాను: చల్లని ఇంజను స్టార్టు చేయించడం, పొగ రంగు, వేడెక్కాక ఆయిల్ ప్రెషర్, గేర్లు, బ్రేకులు, వాటితో పాటు ఒక చిన్న అయస్కాంతాన్ని పలుచని గుడ్డలో చుట్టి తలుపుల కింద, చక్రాల పైన ఆనించి చూడమన్నాను. రేకు తినేసిన చోట పుట్టీ నింపి రంగు వేసి ఉంటే అయస్కాంతం అక్కడ పట్టదు. చెప్పినంతవరకు ఇదంతా నిజమే. చెప్పకుండా వదిలిన సగంతోనే చిక్కు వచ్చింది.

ఆదివారం మధ్యాహ్నం ఆయన ఉత్సాహంగా ఫోను చేశారు. "అన్నగారూ, అయస్కాంతం అన్ని చోట్లా గట్టిగా పట్టింది. అయిదు వందలు బయానా ఇచ్చేశాను" అన్నారు.

"రసీదు మీద ఏమని రాసిచ్చారు డాక్టరు గారూ?" అని అడిగాను.

రసీదు లేదు. చేయి కలిపి వచ్చారు.

మొదట చేసినది, అది విఫలమైన కారణం

ఫోను పెట్టేశాక నేను చేసిన మొదటి పని, గురువారం రాత్రే చేయవలసిన పని. ఈ దేశంలో బండి నంబరు ఒక్కటి తెలిస్తే చాలు, దానికి 2005 నుంచి జరిగిన ఎంఓటీ పరీక్షల (బండి రోడ్డు మీద నడపడానికి భద్రమా అని ఏటేటా చేసే తనిఖీల) ఫలితాలు ఎవరైనా ఉచితంగా చూసుకోవచ్చు. అయిదు నిమిషాల పని. ఈ రోడ్‌స్టర్ చివరి పరీక్ష 2017లో జరిగింది. పాసయింది కానీ, రెండు వైపులా తలుపుల కింద ఉండే సిల్ భాగాల్లో తుప్పు ఉందని పరీక్షకుడు హెచ్చరిక రాశాడు. 2018 మే నుంచి నలభై ఏళ్లు దాటి, పెద్ద మార్పులు జరగని బండ్లకు ఎంఓటీ తప్పనిసరి కాదు. అంటే ఆ హెచ్చరిక తరువాత ఈ బండి అడుగు భాగాన్ని బాధ్యతగల కన్ను ఒక్కటీ చూడలేదు. ఇప్పటి యజమాని దాన్ని 2020లో కొన్నారు. సిల్స్‌కు ఏ మరమ్మతు జరిగినా మధ్యనున్న ఆ మూడేళ్లలో, ఎవరి చేతి మీదుగానో జరిగి ఉండాలి. దానికి ఒక్క బిల్లూ లేదు.

ఎంజీబీలో సిల్ అంటే ఏమిటో తెలియనివారికి ఈ భయం అతిగా అనిపించవచ్చు. దీనికి ముందు వచ్చిన ఎంజీఏకు అడుగున విడిగా ఛాసిస్ అనే చట్రం ఉండేది; బాడీ కుళ్లినా ఛాసిస్ మోసేది. ఎంజీబీకి ఆ ఛాసిస్ లేదు, బాడీయే ఛాసిస్. రోడ్‌స్టర్‌కు పైకప్పు కూడా లేదు కనుక ముందు చక్రాలకూ వెనుక చక్రాలకూ మధ్య బండిని వంగకుండా నిలబెట్టే భారం ప్రధానంగా తలుపుల కింద ఉన్న రెండు సిల్స్ మీదే పడుతుంది. సిల్ అనేది ఒక్క రేకు కాదు. బయటి పలక, మధ్యలో నిలువు పొర, లోపలి పలక, అడుగున కాసిల్ రైల్ అని పిలిచే పెట్టె వంటి భాగం కలిసి వెల్డయిన దూలం అది. దాన్ని సరిగా మార్చాలంటే సిల్ చివరలు మడ్‌గార్డుల వెనక్కి వెళ్లి ఉంటాయి కాబట్టి ముందు మడ్‌గార్డు విప్పాలి, వెనుక దాని కింది భాగం కోయాలి, పని జరిగినంతసేపూ తలుపు సందులో బాడీ కుంగకుండా ఆధారం బిగించాలి. ఇంత శ్రమ పడలేనివారు కుళ్లిన సిల్ మీదే కొత్త రేకు తొడుగు ఒకటి వెల్డు చేసి రంగు వేసేస్తారు.

ఆ తొడుగు కూడా ఇనుమే. అయస్కాంతం దానికి గట్టిగానే అతుక్కుంటుంది. నేను చెప్పిన పరీక్ష పుట్టీని పట్టిస్తుంది, ఇనుము వెనుక దాగిన తుప్పును పట్టించదు. అనుభవం ఉన్నవాడి చేతిలో అయస్కాంతం పది సూచనల్లో ఒకటి మాత్రమే. అనుభవం లేనివారి చేతిలో అదే తీర్పు అయిపోతుంది. ఈ తేడాను నేను ఊహించి ఉండవలసింది.

దగ్గరగా చూసినప్పుడు

మంగళవారం నా పనులు వాయిదా వేసుకుని వైద్యులతో కలిసి వెళ్లాను. అమ్మకందారు పెద్దవారు, మర్యాదస్తులు. అడుగు భాగం చూడడానికి అభ్యంతరం చెప్పలేదు. ఇంజను నిజంగానే కొత్తగా కట్టినది, బిల్లులున్నాయి. వేడి మీద కూడా ఆయిల్ ప్రెషర్ అరవై దగ్గర నిలబడింది. బండి తోలడానికి ఎంతో హాయిగా ఉంది. ఇవన్నీ నివేదికలో ఉన్నది ఉన్నట్టే రాశాను.

తరువాత కాంక్రీటు నేల మీద పడుకుని సిల్ అడుగు అంచును వేళ్లతో తడిమాను. రేకులు కలిసే అంచు ఉండవలసిన దానికి దాదాపు రెట్టింపు మందంగా తగిలింది. పైన నల్లని అండర్‌సీల్ (అడుగున తుప్పు పట్టకుండా పూసే పూత) దట్టంగా, కొత్తగా పూసి ఉంది. సిల్ రేకు ముందు మడ్‌గార్డు వెనక్కి పోకుండా సరిగ్గా దాని అంచు దగ్గరే ఆగిపోయింది. ఈ రెండూ చాలు అనుమానం బలపడడానికి. కానీ అనుమానం మీద బేరం చెడగొట్టడం అమ్మకందారుకు న్యాయం కాదు. అందుకని ఇంకో రెండు పరీక్షలు చేశాను.

మొదటిది తలుపు సందు. బండి నాలుగు చక్రాల మీద నిలబడి ఉండగా తలుపు వెనుక అంచు పైభాగంలో సందు నాలుగు మిల్లీమీటర్లు ఉంది. సిల్ మధ్యనున్న జాకీ పాయింటు కింద చెక్క దిమ్మ వేసి, చక్రాలు నేలను వదలబోయే వరకు మెల్లగా ఎత్తాను. లోపల ఏదో పొడి ఆకులు నలిగినట్టు చప్పుడైంది. సందు ఏడు మిల్లీమీటర్లకు తెరుచుకుంది. తలుపు తీసి వేయమని వైద్యులను అడిగాను, గొళ్లెం పడలేదు. గట్టి బాడీలో ఇంత కదలిక రాదు. బండి నడుము దగ్గర వంగుతోందన్నది ఆయన స్వయంగా, తన చేతితో తెలుసుకున్నారు. నేను నాలుగు పేజీల్లో రాసేదానికంటే ఆ తలుపు చెప్పినదే ఆయనకు ఎక్కువగా అర్థమైంది.

రెండవది ఎండోస్కోపు. ముందు చక్రం వెనుక ఉండే బురద పలక అడుగున తుప్పు తిన్న రంధ్రంలోంచి కెమెరా తీగ లోపలికి పంపాను. ముందు కొత్త తొడుగు లోపలి వైపు కనిపించింది, శుభ్రంగా. దాని వెనుక పాత సిల్ జల్లెడలా ఉంది. మధ్య పొర కొన్ని చోట్ల అసలు లేదు. ఫోను తెర మీద ఆ బొమ్మను అమ్మకందారుకు కూడా చూపించాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. మూడేళ్ల క్రితం తానూ రంగు చూసే కొన్నానని, ఎవరూ కిందికి వంగి చూడమని చెప్పలేదని తరువాత అన్నారు.

ఇక్కడ తీసుకోవలసిన నిర్ణయం పైకి కనిపించేంత సులువు కాదు. ఇంజను మంచిది, ధర తగ్గిస్తే కొని సిల్స్ మార్పించుకోవచ్చు కదా అని వైద్యులు అడిగారు. మా ప్రాంతంలో నాకు నమ్మకమున్న ఇద్దరు బాడీ పనివాళ్లను విచారిస్తే రెండు వైపులా సరిగా కోసి కట్టి, మళ్లీ రంగు వేయడానికి ఏడు వేల పౌండ్లకు తక్కువ కాదన్నారు. అదీ, తెరిచాక ఇంకేమీ బయటపడకపోతే. అమ్మకందారు వెయ్యి పౌండ్ల వరకు తగ్గించగలనన్నారు. లెక్క వేస్తే పదిహేడు వేలు దాటుతుంది. ఆ ధరకు మరమ్మతు అక్కర్లేని రోడ్‌స్టర్ దొరుకుతుంది. అంతకంటే ముఖ్యంగా, తొలిసారి కొన్న బండిని ఏడాది పాటు పనివాడి షెడ్డులో చూడవలసి వస్తే ఉత్సాహం చచ్చిపోతుంది; నా అనుభవంలో ఇలా మొదలైన బండ్లు సగం పనిలోనే అమ్ముడుపోయాయి. వద్దన్నాను. అమ్మకందారు బయానా మొత్తం తిరిగి ఇచ్చారు. రసీదు లేని అయిదు వందలు అలా తిరిగి రావడం ఆయన మంచితనం. దాన్ని పద్ధతిగా నమ్ముకోవడానికి వీల్లేదు.

రెండవ ప్రయత్నం

ఈ అనుభవంతో నా ఆలోచన అంతా రేకు చుట్టూ తిరగసాగింది. ఎంజీబీలలో ఎక్కువ భాగం అమెరికాకు ఎగుమతి అయ్యాయి. అక్కడి పొడి రాష్ట్రాల్లో ఉండి తిరిగి వచ్చిన బండ్లకు అడుగు భాగం చాలా బాగుంటుంది. కాలిఫోర్నియా నుంచి వచ్చి, ఇక్కడ రిజిస్ట్రేషన్ పూర్తయిన 1969 రోడ్‌స్టర్ ఒకటి నాకు తెలిసినవారి దగ్గర ఉంది. సిల్స్ ఫ్యాక్టరీవే. ఎండకు రబ్బర్లు గట్టిపడ్డాయి. అమెరికా బండ్లకు ఆ కాలంలో పెట్టిన, అబింగ్డన్ దిండు అని ముద్దుగా పిలిచే మెత్తని డాష్‌బోర్డు నిలువునా పగిలింది. ఇవి సర్దుకోదగ్గవే. స్టీరింగు మాత్రం ఎడమ వైపు.

వైద్యులూ ఆయన భార్యా కలిసి వచ్చి గంటసేపు నడిపారు. పల్లె దారిలో ట్రాక్టరు వెనుక చిక్కుకున్నప్పుడు ముందు దారి కనబడక, పక్క సీటులో ఉన్న ఆవిడను అడిగి దాటవలసి వచ్చింది. తిరిగి వచ్చాక ఆవిడ, "బండి బాగానే ఉంది అన్నయ్య గారూ. కానీ నాకు మోకాలి నొప్పి ఉంది, టాప్ వేసినా చెవుల్లో గాలి హోరు. ఇందులో రెండు గంటలు కూర్చోవాలంటే నేను రాను. ఈయన ఒక్కరే తిరగడానికా ఇది?" అన్నారు.

రేకు బాగుంది, మనుషులకు పొసగలేదు. మొదటి సమావేశంలో నేను బడ్జెట్టు అడిగాను, రంగు అడిగాను. ఎవరు కూర్చుంటారు, ఎంత దూరం వెళ్తారు, వానలో తీస్తారా అని అడగలేదు. ఆయన కూడా తన కోరికను ఇరవై ఏళ్ల నాటి ఒక గంటతోనే కొలుచుకుంటూ వచ్చారు. ఆ సాయంత్రం ముగ్గురం కూర్చుని మళ్లీ మొదటి నుంచి మాట్లాడుకున్నాం. వారాంతాల్లో ఇద్దరూ కలిసి వంద మైళ్ల లోపు ప్రయాణాలు, వాన రావచ్చు, రాత్రుళ్లు బయట హోటళ్లలో బస. ఈ జవాబుల నుంచి ఎంజీబీ జీటీ తనంతట తానే తేలింది. 1965లో వచ్చిన ఈ రూపానికి గట్టి పైకప్పు ఉంటుంది, దాని ఆకృతిలో ఇటలీకి చెందిన పినిన్‌ఫరీనా చేయి ఉంది. పైకప్పు వల్ల బాడీ మరింత బిగువుగా ఉంటుంది. వెనుక తలుపు ఎత్తితే సామాను పడుతుంది. అదే స్థితిలో ఉన్న రోడ్‌స్టర్ కంటే సాధారణంగా చవక. టాప్ తీసుకుని తిరిగే ఆనందం మాత్రం పోతుంది. ఆ మాట దాచకుండా చెప్పాను. ఆయన వారం రోజులు తీసుకున్నారు, సరే అన్నారు.

ఫలించినది

ఈసారి ప్రకటన చూసిన వెంటనే వెళ్లలేదు. ముందు ఎంఓటీ చరిత్ర చూశాం, తరువాత అమ్మకందారును మూడు ఫొటోలు అడిగాం: సిల్ అడుగు అంచు, వెనుక సీటు కింద ఉండే బ్యాటరీ పెట్టెల లోపలి భాగం, వెనుక స్ప్రింగు బిగించే చోటు. నలుగురిని అడిగితే ఇద్దరు జవాబివ్వలేదు, ఒకరు పంపిన ఫొటోలే ఆ బండిని తప్పించాయి. నాలుగవది 1973 జీటీ, నీలి ఆకుపచ్చ రంగు, 7,900 పౌండ్లు. ఇరవై ఎనిమిదేళ్లుగా ఒకే ఇంట్లో ఉంది. 1990లలో సిల్స్ మార్చినప్పుడు తీసిన ఫొటోలు అట్టపెట్టెలో భద్రంగా ఉన్నాయి: మడ్‌గార్డులు విప్పి, కాసిల్ రైల్ బయటకు కనిపిస్తూ. ఛాసిస్ పలక మీది నంబరు జీటీలకు ఉండవలసినట్టే జీహెచ్‌డీ5 అని మొదలై, రిజిస్ట్రేషన్ పత్రంతో అక్షరం పొల్లు పోకుండా సరిపోయింది. జాకీ మీద ఎత్తితే తలుపు సందులో తేడా కొలవడానికి కూడా దొరకలేదు.

ఇంజను మాత్రం అలసిపోయింది. కంప్రెషన్ (సిలిండర్లలో ఒత్తిడి) చూస్తే మూడు సిలిండర్లు నూట యాభై దగ్గర ఉండగా 3వది నూట పది. చల్లని ఇంజను మీద వాల్వు మూత విప్పి, సందు కొలిచే ఫీలర్ గేజి పెట్టాను. 15 థౌ (అంగుళంలో వెయ్యో వంతులు) ఉండవలసిన సందు ఆ సిలిండరు ఎగ్జాస్టు వాల్వు దగ్గర దాదాపు మూసుకుపోయింది. దీనికి అర్థముంది. ఈ ఇంజనులో మధ్యనున్న 2, 3 సిలిండర్ల పొగ ఒకే దారిలో బయటికి పోతుంది, అందుచేత అక్కడ వేడి ఎక్కువ. సీసం కలిపిన పెట్రోలు ఈ దేశంలో 1999 చివరితో ఆగిపోయింది. ఆ సీసం పూత లేక పాత వాల్వు సీట్లు అరిగి, వాల్వు హెడ్డులోకి (సిలిండర్ల పైభాగపు దిమ్మలోకి) కూరుకుపోతూ వస్తుంది. గట్టి సీట్లు అమర్చిన హెడ్డు వేస్తే సమస్య తీరుతుంది, ఆ పని రెండు రోజులది.

ఓవర్‌డ్రైవ్ (వేగంగా వెళ్లేటప్పుడు ఇంజను నెమ్మదిగా తిరగనిచ్చే అదనపు గేరు) కూడా పడలేదు. వైద్యుల ముఖం వాడిపోయింది, ఎందుకంటే దాన్ని విప్పాలంటే ఇంజనూ గేరుబాక్సూ కలిపి దించాలని ఆయన ఎక్కడో విన్నారు. విన్నది నిజమే, కాని అంతదూరం వెళ్లేముందు కరెంటు అందుతోందా అని చూడాలి. మీటరు పెడితే స్విచ్ దగ్గర పన్నెండు వోల్టులు ఉన్నాయి, గేరుబాక్సు దగ్గర లేవు. మధ్యలో తీగలను కలిపే ఒక బుల్లెట్ కనెక్టరు పచ్చని చిలుము పట్టి ఉంది. శుభ్రం చేసి బిగించి రోడ్డు మీదికి తీస్తే మూడో గేరులోనూ నాలుగో గేరులోనూ చక్కగా పడింది. ఈ సంగతి అమ్మకందారుకు దాచకుండా చెప్పాం, బేరంలో వాడుకోలేదు.

హెడ్డు ఖర్చూ టైర్ల ఖర్చూ చూపించి 7,000 అడిగాం, ఒప్పుకున్నారు. టైర్ల గాడులు కొత్తవాటిలా ఉన్నాయి, కానీ పక్క గోడ మీద 2309 అని ఉంది: 2009వ సంవత్సరం, 23వ వారం. పద్నాలుగేళ్ల రబ్బరు అది. బయానా ఈసారి పరీక్షకు లోబడి అని రాసిన కాగితం మీద, బ్యాంకు ద్వారా వెళ్లింది.

ఎర్ర రోడ్‌స్టర్‌లో ఇంజను కొత్తది, బాడీ కుళ్లినది. ఈ జీటీలో బాడీ గట్టిది, ఇంజను అలసినది. ఎంజీబీ ఇంజను రెంచీలతో విప్పుకునేది, విడిభాగాల ధరలు ముందే తెలిసేవి, హద్దు ఉన్న ఖర్చు. బాడీలో కుళ్లు తెరిచేదాకా ఎంతుందో ఎవరూ చెప్పలేరు. కొత్తవారికి ఈ రెండింటిలో ఇంజను పనినే అప్పగించాలని నేను నిర్ణయించడానికి ఇదే ఆధారం.

తరువాత

చట్టం అడగకపోయినా స్వచ్ఛందంగా ఎంఓటీ చేయించాం. చేతి బ్రేకు తీగ ఒకటి తప్ప ఏమీ రాలేదు. 2021 సెప్టెంబరు నుంచి ఇక్కడ మామూలు పెట్రోలులో పది శాతం వరకు ఇథనాల్ ఉంటోంది కాబట్టి ఇంధన గొట్టాలు తగినవి వేసి, తక్కువ ఇథనాల్ ఉండే సూపర్ రకమే పోయించమన్నాను. బీమా సంస్థతో బండి విలువను ముందుగానే లిఖితంగా ఒప్పించుకున్నారు. సిల్స్ లోపల మైనపు ద్రావణం కొట్టాం. అన్నీ కలిపి తొమ్మిది వేల లోపే తేలింది. మొదటి పద్నాలుగు నెలల్లో ఇద్దరూ కలిసి నాలుగు వేల మైళ్లు తిరిగారు. వేసవిలో లోపల ఉక్కపోతగా ఉంటుందన్నది ఆవిడ ఫిర్యాదు. అది నిజం, దానికి నా దగ్గర మందు లేదు.

నా పద్ధతిలో మారినది ఏమిటంటే, ఇప్పుడు ఎవరికీ ఫోనులో పరీక్షల జాబితా చెప్పి ఒంటరిగా పంపడం లేదు. నేను వెళ్లలేకపోతే ఎంఓటీ చరిత్ర, ఆ మూడు ఫొటోలు నా దగ్గరికి వచ్చేదాకా ఆగమంటున్నాను. బండిలో పక్కన కూర్చునేవారితో కూడా ముందుగానే మాట్లాడుతున్నాను.

గత డిసెంబరులో వైద్యుల నుంచి ఒక ఫొటో వచ్చింది. నేల మీద పడుకుని, టార్చిలైటు పట్టుకుని తీసినది: ఎడమ వెనుక చక్రం వంపు లోపల, గోరంత రంగు బుడగ. జనవరిలో బండి తెచ్చారు. బుడగ గీకితే కింద రేకు ఇంకా గట్టిగానే ఉంది. శుభ్రం చేసి, ప్రైమరు వేసి, అదే రోజు పంపించాను.